మునెయ్య తోట ఉత్తరపు రాయి

రీసర్వే మొదలైన ఏడాది, వేసవిలో, నన్ను సత్యవేడు మండల సర్వేయరుగా వేశారు. ఉద్యోగంలో నాకదే చివరి చోటు. వెళ్లిన వారానికే మునెయ్య అర్జీ వచ్చింది. ఆయన మా చర్చి సంఘస్థుడే, నిమ్మతోట రైతు. పక్క పొలం మాజీ సర్పంచిది. ఆయన కంచె జరిపి మునెయ్య బావిని లోపలికి కలుపుకొని, గేటుకు తాళం వేశాడు. నీళ్లు లేక చెట్లు ఎండుతున్నాయి.

హద్దు చూపాలంటే ఇరుగుపొరుగు రైతులకు నోటీసిచ్చి, సాక్షుల ఎదుట కొలవాలి. సర్పంచి ఇద్దరిని తెచ్చాడు. "ఈ రాయి మా తాతల కాలం నుంచి ఈడనే ఉండాది సార్" అన్నాడు మొదటివాడు, కంచె పక్కనున్న ఉత్తరపు హద్దురాయి చూపిస్తూ. రెండోవాణ్ని దూరంగా పిలిచి అడిగితే పొల్లుపోకుండా అదే మాట. బైబిల్లో ఇశ్రాయేలు రాజు అహాబుకు ద్రాక్షతోట దక్కాలని దాని సొంతదారు నాబోతు మీద అబద్ధమాడి అతన్ని చంపించిన సాక్షులు కూడా ఇద్దరే. నాకు అనుమానం వచ్చింది.

పాత సర్వే రాయి సగం భూమిలో ఉంటుంది. ఆ మేరకు మట్టి మరక పడుతుంది. ఈ రాయి మీద మరక నేలకు జానెడు పైన ఉంది. అంటే పీకి, పైపైన నాటిన రాయి. ఉపగ్రహాల సాయంతో కొలిచే రోవరు పాత హద్దుగా చూపిన చోట తవ్వితే అడుగున బొగ్గులు బయటపడ్డాయి. పూర్వం రాయి నాటేముందు గుర్తుకోసం అవి వేసేవారు. బావి మునెయ్యదే.

"ఒకే చర్చోళ్లు, కొలత ఇంకెట్లొస్తాది?" అని సర్పంచి దెప్పాడు.

రాయి నాటే రోజు ఖరారైంది. అంతకుముందు ఆదివారం ఆ సర్పంచే తెల్లబట్టలతో మా ఆరాధనకు వచ్చి, మోకరించి ఏడ్చాడు. పాస్టరుగారు కౌగిలించుకున్నారు. మారుమనసు పొందినాడు, ఇంక రాయి ఎందుకన్నారు సంఘ పెద్దలు. మునెయ్య కూడా మెత్తబడ్డాడు.

తాళం తీశాడా అని మునెయ్యను అడిగాను.

"ఇంకా లేదు సార్. ఏడస్తా ఉండే మనిషిని తాళంచెవి ఎట్లడిగేది?"

నీ వంశానికి కీడు తప్పదని ఏలీయా ప్రవక్త తీర్పు చెప్పగానే అహాబు పశ్చాత్తాపంతో గోనెపట్ట కట్టుకొని ఉపవాసమున్నాడు. దేవుడు ఆ కీడును అతని కొడుకు కాలానికి వాయిదా వేశాడు. అయితే తోటను నాబోతు ఇంటివాళ్లకు తిరిగిచ్చినట్టు లేఖనంలో ఎక్కడా లేదు. ఈ సంగతే పెద్దలకు చెప్పాను.

అనుకున్న రోజునే, తహసీల్దారు ఉత్తర్వుతో, పోలీసుల ఎదుట రాయి నాటించి, గేటు తాళం తీయించాను. ఆ సాయంత్రమే తోటకు నీళ్లు పారాయి. సర్పంచి మళ్లీ ఆరాధనకు రాలేదు.

ఆయన కన్నీళ్లు నిజమో కాదో దేవుడికే తెలుసు. వాటిని కొలిచే పరికరం సర్వేయరుకు ఇవ్వరు. మనిషి మారినానంటే, కంచె కూడా జరిగిందా అని వెళ్లి చూడడం వరకే సర్వేయరు పని.