కాళ్ల కింద పెట్టకూడని డబ్బా

నా కూతురికి కూడా ఆ జబ్బు ఉంటే?

పొద్దున లేవగానే నా మొదటి పని, దాని కింది రెప్పను వేలితో మెల్లగా దించి చూడటం. లోపల ఎర్రగా ఉంటే ఆ పూటకు ఊపిరి ఆడేది. మబ్బు పట్టిన రోజున ఆ ఎరుపు కాస్త వెలిసినట్టు అనిపిస్తే కిటికీ దగ్గరికి ఎత్తుకెళ్లి మళ్లీ చూసేదాన్ని. ఇంకా ఏడాది నిండని పిల్ల. చెయ్యి విదిలించుకుని ఏడ్చేది.

నేను జీవరసాయన శాస్త్రం చదివాను. తలసీమియా అనే రక్తపు జబ్బు మీద మూడు విశ్వవిద్యాలయాలు కలిసి చేస్తున్న పరిశోధనలో, ఖమ్మం కేంద్రంగా ఊళ్లు తిరిగి రక్తం సేకరించే జట్టులో పనిచేస్తున్నాను. శిక్షణ రోజుల్లో మా రక్తాలు మేమే పరీక్షించుకున్నాం. దెబ్బతిన్న జన్యువు నాలో ఒకటి ఉందని అప్పుడే తేలింది. ఒకటే ఉంటే మనిషికి ఏమీ కాదు. తల్లిలో ఒకటి, తండ్రిలో ఒకటి ఉండి, రెండూ బిడ్డకు వస్తేనే జబ్బు. మా ఆయన చందర్ ఇల్లందు వైపు బొగ్గు గనిలో పనిచేస్తాడు. "నా నెత్తురు గూడ చూడు, దాందేముంది" అని ఎన్నిసార్లో అన్నాడు. ఇవాళ కాదు, రేపు అని ఆపుతూ వచ్చింది నేనే. ఊరందరి రక్తం అడిగే నాకు ఇంట్లో అడగడానికి ధైర్యం చాలలేదు.

ద్వాలి అక్కను చూశాకే ఆ ధైర్యం వచ్చింది.

కారేపల్లి దాటి భద్రాచలం అడవి వైపు పోతే వాళ్ల తండా వస్తుంది. పత్తి ఏరి, మిరపకాయలు కోసి బతికిన మనిషి. కూతురు యశోద పసిపిల్లగా ఉన్నప్పుడే పాలిపోతూ వచ్చింది. దిష్టి తీశారు, తాయెత్తు కట్టారు. చివరికి ఖమ్మం పెద్ద దవాఖానాలో ఈ జబ్బు పేరు చెప్పారు. అప్పటినుంచి మూడు వారాలకోసారి పిల్లకు రక్తం ఎక్కించాలి. ఆ బస్సు ప్రయాణాల్లోనే ద్వాలి అక్క తెలుగు చదవడం నేర్చుకుంది. మొదట దవాఖానా బోర్డులు, తర్వాత రక్తం సంచీల మీద రాతలు. మరో తండాలో ఎవరి బిడ్డ పాలిపోయిందని విన్నా వెళ్లి వెంట తీసుకొచ్చేది. మా పరిశోధన మొదలైనప్పుడు తండాలకు మమ్మల్ని తీసుకెళ్లే పనికి ఆమెనే పెట్టుకున్నారు. యశోద ఇప్పుడు పదో తరగతి.

పరిశోధన సంగతి ఇదీ. ఒకే జబ్బు ఉన్నా పిల్లలందరూ ఒకేలా ఉండరు. ఒక మాత్ర కొందరికి పనిచేసి, రక్తం ఎక్కించే అవసరాన్ని తగ్గిస్తుంది. కొందరికి ఏ మేలూ చేయదు. ఎవరికి పనిచేస్తుందో ముందే తెలుసుకోవాలంటే ఆ పిల్లల రక్తమే కాదు, చుట్టాలందరి రక్తం చూడాలి. ఒక విశ్వవిద్యాలయం జన్యువులు చదువుతుంది, ఒకటి హిమోగ్లోబిన్ రకాలు కొలుస్తుంది, మూడోది పిల్లలకు వైద్యం చేస్తుంది. ద్వాలి అక్కకు ఇందులో కావలసింది ఒక్కటే. ఆ మాత్ర యశోదకు పనికొస్తుందా, రాదా?

వేసవిలో తండా అంతా రక్తం ఇచ్చింది. గొట్టాలన్నీ ఐస్ డబ్బాలో సర్ది, హైదరాబాద్ పంపడానికి ఖమ్మం బస్సెక్కించాం. కండక్టర్ చాంద్ పాషాకు ద్వాలి అక్క ఏళ్ల తరబడి తెలుసు.

"భాయ్, గిది మా మనుషుల నెత్తురు. కాళ్ల కింద పెట్టకు" అని చెప్పి డబ్బా చేతికిచ్చింది.

ఆయన ఆ మాట నిలబెట్టుకున్నాడు. బస్సు కిక్కిరిసి ఉంది. సీట్ల కింద పెడితే కాళ్లు తగులుతాయని, డ్రైవర్ పక్కన ఇంజన్ మూత మీద పెట్టాడు. జారకుండా తన తువ్వాలతో కట్టాడు. మే నెల ఎండ, కింద ఇంజన్ వేడి. ఖమ్మంలో డబ్బా తెరిస్తే ఐస్ అంతా నీళ్లయింది. గొట్టాల్లో ఎర్రకణాలు పగిలిపోయాయి. ఒక్కటీ పనికిరాలేదు.

మా సమన్వయకర్త ఫోన్ చేశాడు. "ఇంకో పరీక్ష ఉంది, మళ్లీ ఇవ్వాలని చెప్పండి. చెడిపోయిందంటే ఎవరూ ఇవ్వరు."

పక్కనే వింటున్న ద్వాలి అక్క నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. "చెడిపోయిందనే చెప్త సారూ. రేపు రిజల్టు తెచ్చిన్నాడు గూడ వాళ్లు నన్ను నమ్మాలె గద."

ఆ సాయంత్రం తండా పెద్ద, నాయక్ లాల్‌సింగ్ ఇంటి ముందు తండా కూడింది. నేనున్నానని లంబాడీ మానేసి తెలుగులోనే మాట్లాడారు.

"మీరిచ్చిన నెత్తురు ఖరాబైంది" అంది ద్వాలి అక్క, నిలబడి. "కండక్టర్ తప్పు కాదు. కాళ్ల కింద పెట్టకన్నది నేనే. సల్లగుండే జాగల పెట్టుమని చెప్పలే. మల్ల ఇయ్యాలె."

ఒక ముసలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఇంజన్ మీద ఉడకబెట్టినవానే? ఉప్పూ కారం ఏసినవా మరి?"

అందరూ నవ్వారు. ద్వాలి అక్క కూడా నవ్వింది. లాల్‌సింగ్ నవ్వలేదు. వరసకు ఆమెకు మామ అవుతాడు. ఈ జబ్బుతోనే ఆయన పెద్ద మనవరాలు పోయింది.

"నేను చెప్తే అందరిస్తరు" అన్నాడు. "గని ఒక్క మాట. ఎవల నెత్తుర్ల ఏమున్నదో ముందుగాల నాకు చెప్పాలె. పెండ్లి సంబంధాలు నా ముంగటనే నడుస్తయి. తెల్వక ఇద్దరిని జోడిస్తే మల్ల గసొంటి పిల్లలే పుడ్తరు."

ఆ మాటలో న్యాయం ఉంది. ద్వాలి అక్క ఒప్పుకుంటుందనే నేను అనుకున్నాను. యశోద ఒంట్లోకి మళ్లీ వేరేవాళ్ల రక్తం ఎక్కక ముందే నమూనా తీయాలి. ఖమ్మం ప్రయాణం దగ్గర పడింది.

"చెప్ప మామా" అంది.

"నీ బిడ్డ కోసమే గదనే అంటున్న."

"నా బిడ్డ కోసమైనా చెప్ప. నీ కాడికి పది పేర్లొస్తే, బయటికొచ్చేది ఆడపిల్లల పేర్లే. మొగపిల్లగాని పేరు నీ కడుపులనే ఉంటది. ఎవలది వాళ్ల చెవులనే పడాలె. పెండ్లికి ముంగట ఇద్దరు కూసోని చెప్పుకునేతట్టు నేను చేస్త. ఇంటింటికి తిరిగి చేస్త."

"అయితే నా ఇంట్లకెళ్లి ఎవ్వరియ్యరు."

"నీ ఇష్టం. పొద్దుగాల బడి కాడ కూసుంట. వచ్చినోళ్లొస్తరు."

మరునాడు బడి వరండాలో సూదులు సర్దుకుని కూర్చున్నాం. చాలాసేపు ఒక మేక తప్ప ఎవరూ రాలేదు. యశోద అమ్మ పక్కనే కూర్చుని, ఆ మేకకు జామాకు తినిపిస్తూ ఉంది. నేను మాటిమాటికీ గేటు వైపు చూస్తుంటే ద్వాలి అక్క, "చూస్తే జల్దీ వస్తరా?" అంది.

ముందుగా వచ్చింది లాల్‌సింగ్ చిన్న కోడలు నాగలత. రవికె చెయ్యి పైకి లాగి కూర్చుంది. "నిజంగనే మా మామకు చెప్పవా?"

"నీ పెనిమిటికి గూడ చెప్ప. నువ్వు చెప్పుకుంటే చెప్పుకో."

నాగలత చెయ్యి చాపింది. ఆమె వెనక ఇద్దరు వచ్చారు, తర్వాత గుంపుగా వచ్చారు. నిన్న ద్వాలి అక్క నాయక్‌ను కాదన్న మాట విన్నాకే వచ్చామని వాళ్లలో ఒకామె నాతో అంది. ఎండ ముదిరాక లాల్‌సింగే వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"నాదన్న నాకు చెప్తవా?"

"నీ చెవులనే చెప్త మామా."

"సన్న సూది పెట్టుమను" అని మొహం అటు తిప్పుకున్నాడు.

ఈసారి డబ్బాను ద్వాలి అక్క ఒళ్లో పెట్టుకుని బస్సెక్కింది. చాంద్ పాషా తన సీటు ఖాళీ చేసి, "కూసో అక్కా. నాకు ఇంకేం చెప్పకు" అన్నాడు.

వానలు పడ్డాక ఫలితాలు వచ్చాయి. ఆ మాత్ర యశోదకు పనిచేసే రకం కాదు. కాగితం చదివి చెప్పింది నేనే. ద్వాలి అక్క కొంగుతో చేతులు తుడుచుకుంది. తర్వాత, "ఎవలకన్న పనిచేస్తదా?" అని అడిగింది. తండాలో ఇంకో పిల్లకు పనిచేయవచ్చని రాశారు. ఆ పేరు ఇక్కడ రాస్తే ద్వాలి అక్క ఊరుకోదు. లేచి ముందు ఆ ఇంటికే పోయింది. ఆ వారమే యశోదను తీసుకుని ఎప్పటిలా ఖమ్మం బస్సెక్కింది.

ఆ బస్సులోనే, పక్కన కూర్చుని, నా సంగతంతా ఆమెకు చెప్పాను. రెప్ప దించి చూడటం కూడా.

"ఆ గోలి యశోదకు పనికి రాదని తెల్సింది. తెల్సినంక ఇంకో తొవ్వ చూస్తున్న" అంది. "నువ్వు ఇంక చూడనే లేదు, ఏడుస్తున్నవు. చందర్‌ను తోలుకపోయి నెత్తురియ్యి. పిల్లది గూడ."

సోమవారం ఇద్దరివీ ఇచ్చి వచ్చాం. ఫలితం ఇంకా రాలేదు. వచ్చేదాకా ఏం చేయాలో కూడా ఆమే చెప్పింది. రోజూ పొద్దున, పిల్ల కళ్లు తెరవగానే, నా వేళ్లు దాని రెప్ప వైపు పోబోతుంటే ఆ మాటే పట్టుకుని ఆపుకుంటున్నాను.

"రెప్ప గుంజుడు బంద్ చెయ్ బిడ్డా. నెత్తురు సంగతి మిషన్ చూస్తది. నువ్వు లేవంగనే పొల్లను నవ్వియ్యి."