లోవలక్ష్మి ఎడమకాలు

ధవళేశ్వరంలో కాలవ గట్టు మీద త్రిమూర్తులు కార్ల షెడ్డు ఉంది. క్లచ్ పనికి ఆ చుట్టుపక్కల అతని పేరే చెప్పేవారు. నిజానికి ఆ పేరులో సగం అతని భార్య లోవలక్ష్మిది. ఇంకా సరిగ్గా చెప్పాలంటే ఆమె ఎడమకాలిది.

నా పాత కారులాంటి వాటిలో పెడలుకీ క్లచ్‌కీ మధ్య తీగ ఉండదు, గొట్టంలో నూనె ఉంటుంది. పెడల్ తొక్కితే ఆ నూనె అవతలి కొసన క్లచ్‌ని తోస్తుంది. ద్రవం నొక్కుడుకి లొంగదని చిన్నప్పుడు సైన్సు పుస్తకంలో చదువుకున్నాం. వరదల్లో ఆనకట్ట మీద నిలబడినవాడికి ఆ పుస్తకం కూడా అక్కర్లేదు. గాలి అలా కాదు. అది దూరిందంటే పెడల్ మెత్తబడి నేలకంటుతుంది, గేరు పడదు. ఆ గాలి తీయడానికి ఇద్దరుండాలి. ఒకరు సీట్లో కూర్చుని పెడల్ తొక్కి పట్టాలి. రెండోవారు బండి కింద పడుకుని సిలిండరు మీది చిన్న మర వదులు చేయాలి. నూనెతో పాటు బుడగలు బయటికి వచ్చాక మర బిగించాలి. అది బిగిసేదాకా పైన కాలు లేవకూడదు. లేచిందా, పోయిన గాలి మళ్ళీ లోపలికే. కిందివాడికి పైవారు కనబడరు కనుక ఆధారమంతా కేక మీదే.

లోవలక్ష్మి ఉప్పాడలో జాలరుల పిల్ల. ఆమె పుట్టిన ఇల్లు ఇప్పుడు లేదు. అక్కడ చాలామంది తమ ఇల్లెక్కడో చెప్పడానికి అలల వైపు చెయ్యి చూపిస్తారు. చిన్నప్పుడు ఒడ్డున నిలబడి అలివి వల లాగిన పిల్ల. ‘ఐలెస్సా’ అంటే లాగడం, ‘ఓ...’ అని సాగదీస్తే జారనివ్వకుండా పట్టి ఉంచడం. కాపురానికి వచ్చాక ఆ కేకనే షెడ్డులోకి తెచ్చింది. ఐలెస్సా అంటే పెడల్ తొక్కిందని, ఓ అన్నంతసేపూ తొక్కి పట్టిందని త్రిమూర్తులుకి గుర్తు. ఆ ‘ఓ’ ఆగేలోపే అతని మర బిగిసేది. పక్క టీ కొట్టు చిట్టియ్య, “మొగుడు కింద, పెళ్ళాం పైన. ఈ షెడ్డులో పెత్తనం ఎవరిదో వేరే చెప్పాలా!” అని వేళాకోళమాడేవాడు.

కిందటేడు వర్షాకాలంలో ఆమెకి పక్షవాతం వచ్చింది. ఎడమపక్క పడిపోయింది. రోజూ కాలు కదిలిస్తూ ఉండాలన్నారు డాక్టరు. త్రిమూర్తులుకి ఆ మాటలో పెడల్ కనబడింది. వచ్చిన ప్రతి బండిలోనూ ఆమెని ఎత్తి కూర్చోబెట్టడం మొదలుపెట్టాడు. ఆషాఢం జాతరకి ఆమె తన కాళ్ళతో పెద్దాపురం మరిడమ్మ గుడి చుట్టూ తిరుగుతుందని మొక్కుకున్నాడు. మొక్కుకున్నది మనసులో పెట్టుకునే మనిషి కాదు, ఊరంతా చెప్పాడు.

నేను తిరుగుడు మనిషిని. పోయిన వేసవిలో ఉప్పాడ నుంచి వస్తుంటే ధవళేశ్వరం దాకా వచ్చాక పెడల్ నేలకంటేసింది. చిట్టియ్యా, ఇంకో ఇద్దరూ కలిసి బండిని షెడ్డులోకి తోశారు.

త్రిమూర్తులు కిందికి దూరి చూశాడు. “కింది సిలిండరు కారిపోతుందండి మాస్టారూ. రబ్బరు పోయింది. మార్చేసి గాలి తీసేత్తే అయిపోద్ది. మా ఆవిడ తొక్కుద్ది. కాలు ఎంత నయమైందో చూద్దురుగాని!”

రబ్బరు మార్చాడు. భార్యని కుర్చీలోంచి ఎత్తి నా సీట్లో కూర్చోబెట్టి, ఎడమపాదాన్ని పెడల్ మీద పెట్టి కిందికి వెళ్ళాడు. ఉప్పాడ కబుర్లు చెప్పమని ఆమె అడిగితే నేను పక్క సీట్లో కూర్చున్నాను.

“ఐలెస్సా!” అంది లోవలక్ష్మి. కంచులాంటి గొంతు.

కాలు కదలలేదు. కుడిచేత్తో ఎడమమోకాలి మీద బరువంతా వేసి నొక్కింది. పెడల్ దిగింది. “ఓ...” గొంతు నిలకడగానే ఉంది. చెయ్యి కింద మోకాలు జారుతోంది, పాదం కింద పెడల్ మెల్లిగా పైకి లేచిపోతోంది. నేను చూస్తున్నానని చూసి, తల అడ్డంగా ఊపింది. చెప్పొద్దని.

చెప్పలేదు. చెప్పడానికి నేనెవరిని?

పెడల్ మెత్తగానే ఉంది. మళ్ళీ తీశాడు. మళ్ళీ మెత్తగానే ఉంది. గొట్టం అతుకులు తడిమాడు, పై సిలిండరు విప్పి చూశాడు. ఎక్కడా తడి లేదు.

“ఈ మజ్జ పెతి బండీ ఇంతేనండి. ఆయిలు కల్తీ వత్తుందండి.”

“ఆయిలేం కాదు,” అన్నాడు చిట్టియ్య గ్లాసులు కడుగుతూ. “రాజమండ్రిలో మిషనుతో గాలి లాగేత్తన్నారు. నీ దగ్గర బేరాలు అందుకే అటెళ్ళిపోతన్నాయి.”

“మా లోవ ఉండగా నాకు మిషనెందుకురా?”

మూడోసారి మొదలుపెట్టేసరికి, నూనె బయటికి పోవడానికి మరకి తగిలించే నల్లగొట్టం చిట్లింది. లోపలికి వెళ్ళి వెతికి, ఆసుపత్రి రోజుల్లో భార్యకి సెలైన్ ఎక్కించిన గొట్టం తెచ్చి తగిలించాడు. అద్దంలా లోపలిదంతా కనబడే గొట్టం.

“ఐలెస్సా! ఓ...”

బండి కింద చప్పుడు లేదు. మర బిగించిన చప్పుడు కూడా లేదు. ‘ఓ’ ఇంకా సాగుతూనే ఉంది. బయటికొచ్చిన బుడగలు ఆ కేక ఆగకుండానే వెనక్కి పాకడం అతను అప్పుడు చూశాడని నాకు తర్వాత తెలిసింది.

“ఏమయ్యా, మళ్ళీ తొక్కనా?” అంది ఆమె.

“ఉండు లోవా.”

చాలాసేపటికి బయటికి వచ్చాడు. ఆమె వైపు చూడలేదు. గుడ్డతో చేతులు తుడిచిందే తుడుస్తూ నాతో అన్నాడు: “మాస్టారండి, ఓపారి అటేపు తలుపు కాడికొచ్చి, వొంగుని ఆ పెడల్ చేత్తో నొక్కి పట్టుకోండి. నువ్వు మాత్రం కేక ఆపకే.”

తలుపు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులతో నొక్కాను. ఆమె పాదం నా మణికట్టుకి తగిలింది, చల్లగా. తలమీద ఆమె కేక. ఈసారి మర బిగిసింది. ఇంకొన్నిసార్లు తీసేసరికి పెడల్ రాయిలా గట్టిపడింది.

త్రిమూర్తులు లేచి వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. “ఎప్పణ్ణుంచే?”

“మొదట్నించీని.”

“మరి కాలు కదులుతుందన్నావు?”

“నువ్వన్నావు. నేను కాదన్లేదు. కిందనుంచి ‘శభాషే లోవా’ అంటావు. ఆ మాట పోతాదని...”

అతను నేల మీద కూలబడి ఆమె పాదాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆ పాదానికి నూనె మరకలు అంటుతున్నా ఎవరూ పట్టించుకోలేదు.

“జాతరకి నన్నెత్తుకుని తిప్పెయ్యి. కాళ్ళు ఎవరివో అమ్మోరికేం తెలుత్తాది?”

“తెలుత్తాదే,” అన్నాడు త్రిమూర్తులు. “నాకే తెలిసింది.”

చిట్టియ్య టీలు తెచ్చి అక్కడ పెట్టి వెళ్ళిపోయాడు.

జాతర అయిన తర్వాత మళ్ళీ ఆ గట్టున వెళ్ళాను. పెద్దాపురం వెళ్ళారా అని అడగబోయి ఊరుకున్నాను. షెడ్డులో ఎవరిదో కారు ఉంది. కింద త్రిమూర్తులు కాళ్ళు కనిపిస్తున్నాయి. సీట్లో చిట్టియ్య కూర్చుని పెడల్ తొక్కుతున్నాడు. లోవలక్ష్మి గుమ్మం దగ్గర కుర్చీలో ఉంది. ఒళ్ళో చచ్చుబడ్డ చెయ్యి, మెట్టు మీద ఆ కాలు.

“ఐలెస్సా!” అంటోంది చిట్టియ్య పాదం వైపే చూస్తూ. “ఓ...”

చిట్టియ్య కాలు సడలినప్పుడు ఆమె కేక కూడా అక్కడే ఆపేసింది. కింద త్రిమూర్తులు చటుక్కున మర బిగించాడు. శభాష్ అనలేదు.