రాష్ట్రపతి మాటల గోడకు సున్నం కొట్టారు

విజయనగరంలో ఓ జూనియర్ కాలేజీలో సివిక్స్ చెబుతాను. ఏటా పార్లమెంటు ఉభయసభల ముందు రాష్ట్రపతి చేసే ప్రసంగం గురించి పాఠం వచ్చిందంటే నాకు ఒళ్లు మండుతుంది. పుస్తకంలో రెండే రెండు వాక్యాలు! దాని వెనక ఎంత కథ ఉంది? ఇంగ్లండులో మంత్రులు రాసిచ్చింది రాజు చదివే అలవాటు నుంచి మనకొచ్చింది. అమెరికాలో మొదటి ఇద్దరు అధ్యక్షులూ స్వయంగా వెళ్లి మాట్లాడితే, తర్వాతివాళ్లు వందేళ్లకు పైగా కాగితం రాసి పంపి ఊరుకున్నారు. మన రాజ్యాంగం మొదట ప్రతి సమావేశానికీ ప్రసంగం ఉండాలంది. రెండేళ్లు తిరక్కుండానే సవరించి, ఎన్నికల తర్వాత ఒకసారి, ఆపైన ఏడాదికొకసారి చాలన్నారు. ఇదంతా నేను గొంతు చించుకుని చెబుతుంటే క్లాసు క్లాసంతా ఆవలిస్తోంది. అప్పుడు లావణ్య అనే పిల్ల లేచి, "మా అమ్మమ్మోళ్ల ఊర్లో ఆ ప్రసంగాలు గోడ మీద రాస్తారు మేడమ్" అంది. గురువారం సెలవు పెట్టి బయల్దేరాను.

పొద్దున్న ఏడు దాటాక విజయనగరంలో ప్యాసింజరు ఎక్కితే ఎనిమిదిన్నరకల్లా ఆమదాలవలసలో దిగాను. టికెట్టు యాభై లోపే. స్టేషను బోర్డు మీద శ్రీకాకుళం రోడ్ అని ఉంటుంది, కంగారు పడకండి, అదే. బయట ముప్ఫై రూపాయలకి నాలుగు ఇడ్లీలు తిని ఆటో బేరమాడాను. అప్పారావు అనే డ్రైవరు మూడొందలన్నాడు, ఉండి తిరిగి తీసుకొచ్చేలా రెండొందల యాభైకి ఒప్పుకున్నాడు. ఊరి పేరు చెప్పగానే నవ్వాడు.

"గోడ సూడ్డానికేటి మేడమ్? మీరు బేగి రావాల్సింది. మొన్న మంగళారమే సున్నం కొట్టీసినారు."

"ఎవరు? ఎందుకు?"

"ఎందుకేటి, ఆఫీసరొస్తన్నాడు ఇయ్యాల. నీళ్ల లెక్క సూసుకోడానికి."

అరగంట ప్రయాణంలో పచ్చటి వరిచేలు ఎన్ని దాటామో నాకు గుర్తులేదు. మనసంతా ఆ సున్నం మీదే ఉంది. తీరా వెళ్తే రీడింగు రూము గోడ తెల్లగా, తళతళా మెరిసిపోతోంది. ఒక్క అక్షరం లేదు. దాని ముందు అరుగు మీద డెబ్బై దాటిన మనిషి కూర్చుని ఉన్నాడు. పేరు సింహాచలం. రైసు మిల్లులో బస్తాల మీద మార్కులు రాసి రిటైరయ్యాడు. గోడ మీద రాసే పని వాళ్ల నాన్న మొదలుపెట్టాడట, ఆయన పోయాక ఈయన చేతికొచ్చింది.

ఆ పద్ధతి ఆయన చెబుతుంటే నోరు తెరుచుకుని విన్నాను. ప్రసంగం మర్నాడు పేపరు రాగానే ఊరంతా ఇక్కడ చేరుతుంది. మొత్తం బిగ్గరగా చదువుతారు. అందులో తమ ఊరికి తగిలే మాట ఒక్కటి, ఒకే ఒక్కటి, అందరూ కలిసి ఏరుకుంటారు. దాన్ని సింహాచలం నీలిరంగుతో గోడకెక్కిస్తాడు. మళ్లీ ఏడాది కొత్త ప్రసంగం తెరిచే ముందు, గోడ మీది పాత మాటలు చదవాలి. జరిగితే చేతులెత్తి "వచ్చింది" అంటారు, పక్కన ఎర్రరంగు టిక్కు పడుతుంది. కరెంటుకి పడింది, రోడ్డుకి పడింది, బడికి పడింది. ఊరికే తిట్టుకునే గోడ కాదది. జరగని మాట మాత్రం చెరపకూడదు. అదీ నియమం.

"సదివినోళ్లు రాయలేదు, రాసినోళ్లు సదవలేదు. మరి ఆ మాటెవరిదమ్మా?" అని అడిగాడాయన. మంత్రివర్గానిదని ఠక్కున చెప్పాను. ఇరవై ఏళ్లుగా పాఠం చెబుతున్నదాన్ని! "మాట ఇన్నోళ్లది. అందుకే మేం రాసుకుంటన్నాం" అన్నాడు.

ఈలోగా ఆయన అక్క నీలమ్మ వచ్చింది, తలమీద బిందె, చంకలో బిందె. టిక్కు పడని మాటల్లో అన్నిటికన్నా పాతది తాగునీటిదే. ఇంటింటికీ కుళాయి బిగించారు, నీళ్లు మాత్రం రావు. పొలాల అవతల నూతి నుంచి మోసుకురావాలి. ఈరోజు ఆఫీసరు వచ్చి అన్ని ఇళ్లకూ నీళ్లు అందుతున్నాయని సంతకం పెట్టేస్తే ఈ ఊరి పేరు నీళ్లు అందని ఊళ్ల జాబితాలోంచి కొట్టేస్తారు. ఇక ఎవడూ ఇటు చూడడు. గోడ ఉంటే ఆ సంతకం పడదు కాబట్టి గోడని చంపేశారు! నాకు కళ్లు ఎరుపెక్కాయి. ఖద్దరు చొక్కా వేసుకుని అటే వస్తున్న, సున్నం కొట్టించిన ఊరి పెద్దని నిలదీస్తే, "గోడ మురిగ్గా ఉంటే ఊరికి సెడ్డపేరు కాదేటి మేడమ్?" అని నాకే ఎదురు పాఠం చెప్పాడు. సిగ్గూ ఎగ్గూ ఉండాలి మనిషికి.

రెండింటికి జీపు వచ్చింది, చుట్టూ ఊరంతా మూగింది. ఆఫీసరు కుర్రవాడే, మర్యాదస్తుడే. ఎదురింటి కుళాయికి ఫొటో తీయించి, "నీళ్లు వస్తున్నాయా?" అని అడిగాడు. ఊరి పెద్ద "బెమ్మాండంగా వస్తన్నాయి సార్" అన్నాడు. తిప్పి చూపించమంటే మోటారుకి కరెంటు లేదన్నాడు. ఆఫీసరు పెన్ను తీశాడు.

సింహాచలం లేచి తెల్లటి గోడ దగ్గరికి వెళ్లాడు. ఎడమపక్క పైకి వేలు చూపించి, అక్కడ రాసున్నట్టే తాగునీటి మాట చదివాడు, ఏ ఏడాదిదో కూడా కలిపి. వెనక నుంచి ఊరంతా "రాలేదు" అంది. వేలు కిందికి జరిపాడు. ఆస్పత్రి మాట. "రాలేదు." ఇంకా కిందికి. సాగునీటి కాలవ మాట. "రాలేదు." ఏ మాట ఏ చోట ఉండేదో చదువు రాని ముసలమ్మలకి కూడా తెలుసు.

ఆఫీసరు తెల్లబోయి, "ఇక్కడ ఏమీ రాసిలేదు కదండీ?" అన్నాడు.

"తమరొస్తన్నారనే తుడిసీసినారు బాబూ" అంది నీలమ్మ.

 అతను ఏదో రాసుకుని, "పైవాళ్లకి చెబుతాను" అని జీపెక్కబోయాడు. నేను అడ్డం వెళ్లి ఏం రాశారో చూపించమన్నాను. చూపించాడు. "పరిశీలనలో ఉంది" అని ఉంది. వస్తున్నాయనీ కాదు, రావడంలేదనీ కాదు! పక్కనే బిందెలున్నాయి, మోసిన మనిషి ఉంది, ఇంకేం పరిశీలించాలి? గట్టిగానే అడిగేశాను. అతను జీపెక్కి తలుపేసుకున్నాడు. జీపు కదలకముందే సింహాచలం నీలిరంగు డబ్బా మూత తీశాడు. ఊరి పెద్ద "ఒరే, కొత్త సున్నంరా!" అని అరుస్తున్నా మొదటి అక్షరం పడింది. నిచ్చెన అప్పారావు పట్టుకున్నాడు.

తిరుగు రైల్లో కూర్చున్నా నా కోపం చల్లారలేదు, ఇప్పుడూ చల్లారలేదు. ప్రసంగం అయ్యాక పార్లమెంటులో ధన్యవాద తీర్మానం పెడతారని పాఠంలో ఉంది. ఏడాది పోయాక ఆ మాటలు ఏమయ్యాయని వరసగా, ఒక్కొక్కటే అడిగే చోటు నేను చూసింది ఈ అరుగొక్కటే. దానికీ సున్నం కొట్టగలిగారు. ఊరి పేరు రాయను, రాస్తే మళ్లీ కొడతారు. ఆమదాలవలసలో ఆటోవాళ్లని "గోడ ఊరు" అంటే తీసుకెళ్తారు.

వెళ్లేవాళ్లకి ఒక్కటే సలహా. స్టేషన్ దగ్గరే మనిషికి రెండు లీటర్ల నీళ్లు కొనుక్కుని ఆటో ఎక్కండి. ఆ ఊళ్లో ఎవరినీ మంచినీళ్లు అడక్కండి. అడిగితే ఇచ్చేస్తారు.