ఐదేళ్ల కుర్చీ

గరిడేపల్లి దాటాక వచ్చే ఒక చిన్న ఊళ్లో బీరయ్యను ఎరగని వాళ్లు లేరు. మొండివాడని కొందరంటారు, మంచివాడని కొందరంటారు. రెండూ నిజమే, చిక్కంతా అక్కడే వచ్చింది. తాతల నాటి నుంచీ గొర్లు కాసే ఇల్లు అతనిది. ఊరి పక్క వాగే మందకు నీళ్లు. వాగు ఎగువన బియ్యం మిల్లు వెలిసిన ఏడాదికే ఆ నీళ్లు నల్లబడి కంపు కొట్టాయి. అవి తాగిన చూడి గొర్లు వరసగా ఈసుకుపోయి, నెలలు నిండని పిల్లల్ని వేశాయి. భార్య పెంటమ్మ చచ్చిన పిల్లల్ని గంపలో ఎత్తుకెళ్లి పూడ్చి వచ్చి, కంచం ముందు కూర్చుని తినలేక లేచిపోయేది.

బీరయ్య సూర్యాపేటలో ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగాడు. ఒకాయన ఇంకొకాయన దగ్గరికి పొమ్మనేవాడు, ఆ ఇంకొకాయన మొదటాయన పేరే చెప్పేవాడు. చివరికి నవనీత దారి చూపింది. వాళ్ల కులం పిల్లే, సూర్యాపేట కోర్టులో వకీలు. నీళ్లు పాడుచేసేది ఎవరైనా సరే విచారించి ఆపగల రాష్ట్ర నీటి కమిషన్ ఒకటి ఉందని, అది ఏ మంత్రి మాటా వినక్కర్లేదని చెప్పి, అక్కడ అర్జీ పెట్టించింది.

కమిషన్ పెద్ద ఆండాలు, రిటైరైన జడ్జి. ఆమె తానే వాగు దగ్గరికి వచ్చింది. చెప్పులు విడిచి బురదలోకి దిగి, నీళ్లు సీసాల్లో పట్టించింది. పెంటమ్మ పక్కన గట్టు మీద కూర్చుని గొర్ల సంగతంతా విన్నది.

"విచారణ అవగానే ఆర్డరు ఇస్తానమ్మా. మిల్లు ఆ నీళ్లు శుద్ధి చేసి వదలాలి, లేదంటే మూసుకోవాలి" అంది.

ఆ మాట మిర్యాలగూడలో ఉన్న మిల్లు యజమాని వెంకటనారాయణ చెవిన పడింది. మూడో నాడే కారులో వచ్చి బీరయ్య ఇంటి ముందు దిగాడు. చెడ్డవాడేం కాదు, బేరం తెలిసినవాడు.

"కొట్లాట ఎందుకు బీరయ్యా? నా బోరు కెల్లి నీ దొడ్డి దాకా పైపు ఏపిస్త. తొట్టి కట్టిస్త. నీ గొర్లు మంచినీళ్లు తాగుతయ్. అర్జీ వాపస్ తీస్కో."

"జర ఒప్పుకోవయ్యా. మనకు కావాల్సింది నీళ్లే కద" అంది పెంటమ్మ గుమ్మంలోంచి.

"నా ఒక్క దొడ్డేనా సేటూ? వాగు కింద ఇంక ఎంతమంది గొర్లున్నయ్. మేడం ఆర్డరు ఇస్తది."

"మేడం ఉంటదని ఏం గ్యారంటీ?"

బీరయ్యకు నవ్వొచ్చింది. గొర్లు కాసేవాళ్లలో ఒక కట్టుబాటు ఉంది. జీతగాడిని ఉగాదికి పెట్టుకుంటే మళ్లీ ఉగాది దాకా ఉంచుకోవాల్సిందే. మధ్యలో కోపమొచ్చిందని పంపడానికి లేదు. పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి, మందను ఎదుట నిలిపి, వాడి తప్పు చూపించాలి. వాడి మాటా వినాలి. బీరయ్య దగ్గర ఒకప్పుడు భద్రు అనే జీతగాడు ఉండేవాడు. యజమాని చేసిన పొరపాట్లు యజమాని ముఖం మీదే చెప్పేవాడు. బీరయ్యకు ఒళ్లు మండిపోయేది. అయినా పళ్లు నూరుకుంటూ ఉగాది దాకా అన్నం పెట్టాడు.

"గొర్ల జీతగాన్నే నడిమిట్ల పొమ్మనం సేటూ. ఐదేండ్లకని కూసోబెట్టిన జడ్జమ్మను ఎవరు లేపుతరు?"

సేటు కారెక్కాడు. పైపు సంగతి అంతటితో పోయింది.

ఆర్డరు ఇవాళో రేపో అనగా సర్కారు ఆండాలును తీసేసింది. విచారణ లేదు, కారణం లేదు. ఆమె దగ్గర పెద్ద పెద్ద ఫ్యాక్టరీల కేసులున్నాయట, వాటి కోసమట. బీరయ్య మిల్లు తగాదా ఎవరి లెక్కలోనూ లేదు. ఆ సంగతి తెలిశాక అతనికి ఇంకా నీరసం వచ్చింది. కొంప మునిగితే మునిగింది, అదీ తన మీద పగతో కాదు.

ఆండాలు హైకోర్టుకు వెళ్లింది. సూర్యాపేట కోర్టు ఎదుట టీ కొట్టులో నవనీత ఆ కేసు విడమరిచి చెప్పింది.

"పెట్టింది మేమే, తీసే హక్కు గూడ మాదే అంటుండ్రు సర్కారోళ్లు పెద్దనాయినా."

"పెట్టింది నేనేనని భద్రును నేను తీసిన్నా?"

"మేడం తరఫు వాదన గూడ గదే. సర్కారు ఇష్టమున్నన్ని రోజులే సాగే కొలువులు రాజ్యాంగంల ఉన్నయ్. ఈమెది గా లెక్కల రాదు. సర్కారు తప్పుజేస్తే గూడ చెప్పాల్సిన మనిషి, సర్కారుకు భయపడితే ఏం చెప్తది? గందుకే జడ్జితోని విచారణ జేయించి, తప్పు తేలినంకనే తీయాలని చట్టంల రాసిండ్రు."

"మంచిగనే రాసిండ్రు. జర జల్ది తేల్చుమను బిడ్డా. గొర్లు ఆగయ్ కద."

వాయిదా మీద వాయిదా పడింది. కమిషన్‌లో ఆమె బదులు కూర్చున్న ఇన్‌చార్జి, ఎవరు వెళ్లినా ముఖం చాటేసేవాడు. బీరయ్య మందను కోదాడ వైపు తోలుకెళ్లి కిరాయి నీళ్లు తాగించాడు. ఆ కిరాయి కోసం గొర్లను కొన్ని కొన్నిగా అమ్ముతూ వచ్చాడు. 'నేను ముందే చెప్పిన' అని పెంటమ్మ ఒక్కసారి కూడా అనలేదు. తిట్టినా బాగుండేదని బీరయ్యకు చాలాసార్లు అనిపించింది. సిగ్గు చంపుకుని ఒకరోజు మిర్యాలగూడ పోయి పైపు మాట ఎత్తాడు. వెంకటనారాయణ కుర్చీ వేసి, టీ ఇప్పించాడు.

"అప్పుడు నాకు అవసరముండె బీరయ్యా. ఇప్పుడేమున్నది చెప్పు?"

కోపం తెచ్చుకుందామన్నా బీరయ్యకు ఓపిక లేకపోయింది. టీ తాగి వచ్చేశాడు.

ఎట్టకేలకు తీర్పు వచ్చింది. నవనీత ఫోన్‌లో దాదాపు అరిచింది.

"గెలిసినం పెద్దనాయినా! మేడంను తీసుడు చెల్లదన్నరు. ఇష్టమొచ్చినట్టు తీయడానికి రాజ్యాంగం ఒప్పుకోదన్నరు!"

"అయితే మేడం మళ్ల కూసుంటదా?"

"ఆమె ఐదేండ్లు పోయిన నెలనే అయిపోయినయ్. మిగిలిన జీతం ఇయ్యాలన్నరు. మచ్చ గూడ పోయింది."

"మరి మన వాగు?"

"కొత్తోళ్లు వచ్చినంక మొదటి నుంచి వినాలె."

బీరయ్య సరే అన్నాడు.

ఆ సాయంత్రం ఆండాలే ఫోన్ చేసింది. "బీరయ్యగారూ, నేను తప్పు చేయలేదని కోర్టు చెప్పింది. మీకు చెప్పాలనిపించింది." ఆ వెంటనే అడిగింది. "మీ గొర్లు ఎలా ఉన్నాయి?"

బీరయ్య దొడ్డి వైపు చూశాడు. ఆఖరి గొర్లను పోయిన వారమే కోదాడలో అమ్మేశాడు. పెంటమ్మ ఖాళీ దొడ్డి ఊడుస్తోంది.

"మంచిగున్నయమ్మా. వాగు ఒడ్డుకు మేస్తున్నయ్."

ఫోన్ పెట్టేసేసరికి పెంటమ్మ చీపురు పట్టుకుని అతన్నే చూస్తోంది.

"ఎందుకయ్యా గంత అబద్ధం?"

"ఆమెనన్న గెలవనీయే" అన్నాడు బీరయ్య.