వేదిక పరిశీలన

మా పాఠశాల ప్రత్యేక సంచికలో ఒక వాక్యం ఉంది: "సాంకేతిక కారణముల వలన మన క్రీడాస్థలము ఎంపిక కాలేదు." ఆ వాక్యం రాసింది నేను. అందులో అక్షరదోషం లేదు, అన్వయదోషం లేదు. నిజం కూడా లేదు. దాన్ని ఆధారం చేసుకుని మా ఊరి పెద్దలు కొందరు, "డ్రిల్లు టీచరు పెంచిన గడ్డి పనికిరాలేదంట, ఇక ఆ స్థలం ధాన్యం ఆరబోతకి ఇచ్చేద్దాం" అంటున్నారు. వచ్చే నెలలో ఆ విషయం తేల్చడానికి కూర్చోబోతున్నారు. వారు కూర్చునే లోపల జరిగింది జరిగినట్టు రాసిపెట్టడం నా విధి.

నేను తెలుగు పండితుడిగా పదవీ విరమణ చేసినవాణ్ణి. మా ఊరు కంకిపాడుకు దగ్గర. శుభలేఖలో తప్పుంటే ఎర్రసిరాతో దిద్ది తిరిగి ఇచ్చే అలవాటు నాకుంది. అందుచేత ఇరుగుపొరుగువారు శుభలేఖను మా గేటుకు తగిలించి, నేను కళ్లజోడు వెతుక్కునే లోపల వెళ్లిపోతుంటారు. దీన్ని నేను చాలాకాలం గౌరవమనుకున్నాను.

మన దేశంలో ఒక అంతర్జాతీయ ఫుట్‌బాల్ పోటీ జరిపించే అవకాశం కోసం జాతీయ స్థాయిలో బిడ్ సిద్ధం చేస్తున్న పెద్దలు, స్థలాలు చూస్తూ విజయవాడకు వస్తున్నారని తెలిసింది. జట్ల సాధనకు నగరానికి దగ్గరలో ఒక స్థలం కావాలట. మా పాఠశాల వ్యాయామ ఉపాధ్యాయిని వారికి ఉత్తరం రాశారు. మూడేళ్లుగా కాలువ నీళ్లు పెట్టి, రోలరు లాగించి, గేదెలను తోలి ఆమె ఆ స్థలంలో గరికను దట్టంగా పెంచారు. ఎంపికైతే కంచె, మురుగుకాలువ వస్తాయి. ఆమె ఆడపిల్లల జట్టు సాధన కోసం రోజూ బస్సెక్కి విజయవాడ వెళ్లనక్కరలేదు. ఆమె కోరిక అంతే.

వయసును బట్టి ఆహ్వాన సంఘానికి నన్ను అధ్యక్షుణ్ణి చేశారు. వచ్చిన ఆంగ్ల లేఖలో "వెన్యూ ఇన్‌స్పెక్షన్" అని ఉంది. ఊరికి తెలుగులోనే ప్రకటించాలని శాసించి, "వేదిక పరిశీలన" అని రాశాను.

"మాస్టారూ, గ్రౌండు చూడ్డానికొస్తున్నారని రాస్తే పోదాండీ?" అన్నారామె.

"గ్రౌండు తెలుగు కాదమ్మా."

"పోనీ మైదానం అనండి."

"అది పారసీకం."

"మరి వేదికో?"

"సంస్కృతం."

"అయితే అదీ తెలుగు కాదుగాండీ?"

నేను కాగితం మీద సంఘం ముద్ర వేశాను.

కొన్నాళ్లకు ఆమె జట్టును తీసుకుని బందరు పోటీలకు వెళ్లారు. అప్పుడే, ప్రకటన చదివిన పామర్రు షామియానా యజమాని నా దగ్గరకు వచ్చాడు.

"పంతులుగారూ, ఆ వచ్చేవాళ్లు స్టేజీ చూస్తారంటగాండీ. ఎంత పొడుగెయ్యమంటారు?"

"స్టేజీ అనకు. వేదిక అను."

"అదేనండీ, వేదిక. చూసి ఏం చేస్తారండీ?"

ఇక్కడైనా నేను ఆ మాటను దేనికోసం రాశానో గుర్తు చేసుకోవలసింది. కాని ముద్ర పడిన కాగితంలోని నా మాట నాకే శాసనంలా కనిపించింది. పరిశీలన అంటే కొలుస్తారనీ, ఎక్కి చూస్తారనీ, బరువు ఆగుతుందో లేదో తేలుస్తారనీ వివరించాను.

"ఓ మూలకి వేసేద్దామాండీ?" అన్నాడు.

"నడిమధ్య. రెండు గోలుపోస్టులకూ సమదూరంలో."

టేపు పట్టి నేనే కొలిచాను. గుంజలకు పన్నెండు గోతులు తవ్వించాను. వరుస తప్పిన ఒకదాన్ని పూడ్పించి, పక్కన మళ్లీ తవ్వించాను. క్రమమంటే నాకంత ఇష్టం.

పరిశీలనకు పెద్దలు రావలసిన ఉదయమే ఆమె బందరు నుంచి వచ్చి బస్సు దిగారు. చేతిసంచీ కింద పెట్టకుండానే అడిగారు.

"ఇదేంటండీ మాస్టారూ?"

"వేదికమ్మా. పరిశీలనకు సిద్ధం."

"వాళ్లు చూడ్డానికొచ్చేది గడ్డినండీ!"

అప్పుడు నాకు ఆంగ్ల లేఖ ఆసాంతం గుర్తొచ్చింది. అప్పటికే కార్లు గేటు దాటాయి.

దేశం తరఫున ఇంత ప్రయత్నం నడిపే నాయకులంటే పెద్ద కుర్చీల మనుషులని నా ఊహ. హోదా వరుసలో కుర్చీలు కూడా వేయించాను. వచ్చినవారు ముగ్గురు: మోకాలు సరిగా వంగని ఒక మాజీ ఆటగాడు (బృందానికి ఆయనే పెద్ద), టేపూ నోటుపుస్తకమూ పట్టుకున్న ఒక అధికారిణి, తెలుగు తెలిసిన ఒక కార్యదర్శి. పెద్దాయన గట్టు దగ్గరే బూట్లు విప్పి గరిక మీదికి వచ్చారు. "వెన్యూ?" అని అడిగారు. నేను రెండు చేతులూ చాచి, "ఇదిగోనండి" అని వేదికను చూపించాను. అసలు సంగతి గుర్తొచ్చిన తరువాత కూడా చూపించాను. అధ్యక్షుడు తడబడకూడదు కదా.

ఆయన వేదిక ఎక్కలేదు. ఒక గుంజ పక్కన కష్టం మీద కూర్చుని, దాని మొదట్లో వేలు దించి, నల్లమట్టి నలిపి చూశారు. ఏదో అడిగారు. కార్యదర్శి నా వైపు తిరిగారు.

"ఈ గడ్డి ఎవరు పెంచారని అడుగుతున్నారండీ. ఇంత మంచి గడ్డి ఈ చుట్టుపక్కల చూళ్లేదంట. కానీ ఇన్ని గోతులు తవ్వినచోట ఆడేవాళ్లని పరిగెత్తించలేం గదండీ. పూడ్చినా ఈ రేగడి రెండు వానలకి మళ్లీ కుంగుద్ది. అందాకా స్థలాల లిస్టు ఆగదు."

ఎవరు పెంచారన్న ప్రశ్నకు నేను ఇచ్చిన జవాబు: "సమష్టి కృషి." ఆమె నా వెనకే నిలబడి ఉన్నారు.

ఆ తరువాత స్వాగతపత్రం చదివాను. పదకొండు పేజీలు. ఆ ముగ్గురూ ఎండలో, గరిక మీద నిలబడే చివరిదాకా విన్నారు. "వేదికను అలంకరించిన పెద్దలకు" అన్న వాక్యం వచ్చేసరికి వేదిక మీద నేనొక్కణ్ణే ఉన్నాను.

మా స్థలం ఎంపిక కాలేదు. గడ్డి పనికిరాక కాదు. నా మాట పనికిరాక. గుంజలు పీకేసిన తరువాత ఆమె గోతులు పూడ్చి, నేల కుంగిన ప్రతిసారీ మట్టి పోసి, మళ్లీ గరిక నాటారు. ఇప్పుడది అల్లుకుంది. ఊరి పెద్దలు ఆ గరికను ఆమె జట్టుకు వదిలిపెట్టాలని నా మనవి. ఏదైనా ఎండబెట్టి తీరాలనుకుంటే, నా పదకొండు పేజీలు ఇస్తాను.

ఈ రాతప్రతిని ముందుగా ఆమెకే చూపించాను. మా అరుగు మీద కూర్చుని చదివి, నా ఎర్రసిరా కలమే అడిగి తీసుకున్నారు.

"మాస్టారూ, గోతులు పన్నెండు కాదండీ, పద్దెనిమిది. పూడ్చినదాన్ని నేను, నాకు తెలీదాండీ?"

ఆ సంఖ్యను పైన దిద్దకుండా అలాగే ఉంచాను. నా జ్ఞాపకం ఎటు మొగ్గుతుందో చదివేవారికి తెలియాలి. ఇలాంటివి ఇంకా ఉండవచ్చు. ఆ రోజు అక్కడ ఉన్నవారు దయచేసి నా తప్పులు దిద్దండి, ఊరి పెద్దలు కూర్చునే లోపలే దిద్దండి. కాగితం గేటుకు తగిలించి వెళ్లిపోకండి. లోపలికి వచ్చి చెప్పండి. కళ్లజోడు పెట్టుకునే కూర్చుంటాను.