బండి ఇవ్వని ఐజాక్

మా ఐజాక్ అన్నయ్యకి ఉన్నది ఒకటే అవలక్షణం. రిపేరుకొచ్చిన బండిని తిరిగి ఇవ్వడు.

దొంగబుద్ధి అనుకునేరు, కాదు. రామచంద్రపురంలో కాలవ గట్టున ముప్పై ఏళ్ళుగా లారీ షెడ్డు నడుపుతున్న మేస్త్రి, మా బాప్టిస్టు చర్చిలో సంఘపెద్ద, పరాయివాడి నట్టు ఒక్కటైనా జేబులో వేసుకుని ఎరగడు. కానీ "బండి ఎప్పుడిస్తావు?" అని అడిగితే మాత్రం ఒంటి మీద తేలు పాకినట్టు లేస్తాడు. "ఇవ్వను" అంటాడు. రేపు? ఇవ్వను. ఎల్లుండి? ఇవ్వను. "ఇంజను ఇమ్మన్నప్పుడు ఇస్తాను, నువ్వు ఇమ్మన్నప్పుడు ఇవ్వను" అని ముగిస్తాడు. నేను హైస్కూల్లో గుమస్తాని. సాయంత్రం ఐదయ్యేసరికి ఆ షెడ్డులో పాత టైరు మీద కూర్చుని టీ తాగడం నా అలవాటు. ఆ రకంగా నా చెవులు ఈ "ఇవ్వను" అనే మాట విన్నన్నిసార్లు నా పేరు కూడా విని ఉండవు.

ఇంజను ఇమ్మంటోందో లేదో చెప్పేది ఒక తెల్ల రుమాలు. ఆయిల్ గేజు పైకి లాగి, రుమాలుతో తుడిచి, ఎండలోకి వెళ్ళి రెండు చేతులతో రుమాలు పైకెత్తి చూస్తాడు. ఆయిల్ జారుగా పాకితే బండి వెళ్ళొచ్చు. గడ్డగడ్డలుగా నిలిచిందా, లోపల మడ్డి ఉన్నట్టు. ఇక ఆ బండి యజమాని కాళ్ళావేళ్ళా పడినా కదలదు. ఆ రుమాళ్ళు ఉతకలేక ప్రిస్కిల్లా వదిన ప్రాణం విసిగిపోయింది. "పెళ్ళిచూపుల్లో ఈయన్ని చూపించారు కానీ ఈయన రుమాళ్ళు చూపించలేదు శ్యాంబాబూ" అంటుంది కనబడినప్పుడల్లా.

ఓ రోజు నేను తెలివి ప్రదర్శించాను. "రుమాలు నల్లబడింది కదన్నయ్యా, అయినా ఆ బండి ఇచ్చేశావేంటి?"

"డీజిల్ ఇంజనులో పోసిన పూటే ఆయిలు నలుపెక్కుద్ది. నలుపు వేరు, మడ్డి వేరు. నేనూ నలుపే. నాలో మడ్డి ఉందా?"

"మడ్డి లేదు. మొండితనం ఉంది."

"అది ఉండాలి. లేకపోతే తుప్పు పట్టిన బోల్టు ఊడదు" అని పానా అందుకున్నాడు.

ఒకసారి ఎస్సైగారి జీపు వచ్చింది. సాయంత్రానికి ఇవ్వకపోతే కేసు పెడతానని ఎస్సైగారు గుడ్లురిమారు. "పెట్టండి సార్" అన్నాడు అన్నయ్య చేతులు తుడుచుకుంటూ. "కాకపోతే నన్ను స్టేషనుకి పట్టుకెళ్ళడానికి జీపు కావాలి కదండీ. అది నా దగ్గరుంది." ఎస్సైగారు మూడు రోజులు మోటారు సైకిలు మీద తిరిగారు.

పోయిన క్రిస్మస్‌కి చర్చి వ్యాను పరిస్థితీ అంతే. పాస్టరుగారు స్వయంగా వచ్చి అడిగినా ఇవ్వలేదు. క్యారల్స్ పాడేవాళ్ళందరూ రెండు ఆటోల్లో కుక్కుకుని ఊరంతా తిరిగారు. ఆ ఆదివారం పాస్టరుగారు సహనం గురించి గంటంబావు ప్రసంగించారు. ప్రతి వాక్యానికీ ఐజాక్ అన్నయ్య వైపే చూశారు. అన్నయ్య మొదటి వరుసలో కూర్చుని అందరికంటే గట్టిగా "ఆమెన్" అన్నాడు.

ఇలాంటి మనిషి షెడ్డుకి ఈ ఏడు వేసవిలో అప్పాయమ్మగారి లారీ వచ్చింది.

అప్పాయమ్మగారిది చేపల వ్యాపారం. తెల్లారకుండా సముద్రం ఒడ్డున రేవులో వేలంపాట పాడి చేపలు కొంటుంది. వాటిని ఐసులో వేసి ఇటు రామచంద్రపురానికీ, అటు పెద్దాపురానికీ తోలుతుంది. ఆ లారీ వయసు ఇరవై రెండు. దాని మీద ఆవిడొక్కతే కాదు, గంపలు పట్టుకుని అమ్ముకునే మరో నలుగురు ఆడవాళ్ళు బతుకుతున్నారు. ఆ రోజు బండి టకటకా కొట్టుకుంటూ, ఆయిల్ మీటరు ముల్లు లేవకుండా, షెడ్డు గుమ్మం దాకా ఎలాగో వచ్చి ఆగిపోయింది.

అన్నయ్య ఇంజను మీద ఆయిలు మూత విప్పి లోపలికి వేలు పెట్టాడు. వేలికి నల్ల హల్వా లాంటిది వచ్చింది. ఆ వేలు డ్రైవరు గంగయ్య ముక్కు దగ్గర పెట్టాడు.

"ఆయిలు ఎప్పుడు మార్చావు?"

"మార్చలేదండి. తగ్గినప్పుడల్లా పైన పోస్తున్నానండి, ఆయ్."

"ఎన్నాళ్ళయింది?"

"మూడేళ్ళవుతుందండి."

"మూడేళ్ళా! అన్నేళ్ళు ఎందుకు మార్చలేదురా?"

గంగయ్య ఏ తప్పూ చెయ్యనివాడిలా నిలబడ్డాడు. "చేపల పులుసు ఇవాళ్టి కంటే మర్నాటికి రుచి కదండీ. ఆయిలు కూడా అలాగే ఊరుద్దనుకున్నానండి, ఆయ్."

తాగుతున్న టీ నాకు పొలమారింది. అన్నయ్య నవ్వలేదు. కూపీ లాగితే ఇంకా బయటపడింది. బ్యాటరీ నీరసంగా ఉంది కాబట్టి, ఇంజను ఆపితే మళ్ళీ అందుకోదేమోనని, పాట అయ్యేదాకా రేవులో గంటల తరబడి బండిని ఊరికే ఆన్‌లో ఉంచేవాడట. అలా నిలబెట్టి తిప్పడంతోనే మడ్డి రెట్టింపయింది.

మర్నాడు అప్పాయమ్మగారు ఒక సీసా పట్టుకుని వచ్చింది. "మేస్త్రీగారూ, ఇది పోసి పది నిమిషాలు ఇంజను తిప్పితే మడ్డంతా కరిగి కిందకి దిగిపోద్దంటండి. షాపాయన చెప్పాడు. పోసేసి సాయంత్రానికి బండి ఇచ్చెయ్యండి."

"పొయ్యను, ఇవ్వను."

"అదేంటండీ!"

"అప్పాయమ్మగారూ, కాలవలో గుర్రపుడెక్క చూశారు కదా. మూడేళ్ళ డెక్క ఒక్కసారి ఊడదీసి వదిలేస్తే ఏమవుద్ది?"

"లాకు తలుపుల దగ్గర అడ్డం పడుద్ది."

"పడితే?"

"కింద చేలకి నీళ్ళు రావు."

"ఇంజనులోనూ అంతేనండి. కింద ఆయిల్ ఛాంబరులో ఒక జల్లెడ ఉంటుంది. ఊడిన మడ్డంతా దానికి అడ్డం పడితే ఆయిలు పైకి ఎక్కదు. పది నిమిషాల్లో ఇంజను బిగుసుకుపోతుంది. కొత్త ఇంజనుకైతే చెల్లుద్దేమో. ముసలిదాన్ని మెల్లగా కడగాలి."

అన్నట్టే కింద ఛాంబరు విప్పాడు, పైన మూత విప్పాడు. చెక్కముక్కతో గీకాడు, బ్రష్షుతో డీజిల్ పెట్టి కడిగాడు. జల్లెడ చూస్తే కన్నమే కనబడలేదు. అన్నీ బిగించి, బ్యాటరీకి ఛార్జింగు పెట్టి, కొత్త ఆయిలు పోసి, కాసేపు తిప్పి, వేడి మీదే దింపేశాడు. మళ్ళీ పోశాడు, గట్టు మీద నాలుగు మైళ్ళు తిప్పి మళ్ళీ దింపాడు. ప్రతిసారీ రుమాలు, ప్రతిసారీ గడ్డలు, ప్రతిసారీ "ఇవ్వను."

ఎనిమిది రోజులు గడిచాయి. అప్పాయమ్మగారు రోజూ వచ్చేది, తిట్టేది, వెళ్ళేది. బుధవారం వచ్చినప్పుడు మాత్రం తిట్టలేదు. అది చూసి నేను టైరు మీంచి లేచాను.

"బండి అమ్మేశానండి. పాత ఇనుము కొనే దొరబాబుగారికి. ఇంజను పోయింది, ఇక తుక్కుకి తప్ప పనికిరాదన్నారు. శనివారం వచ్చి తీసుకెళ్ళమని రేవులో అందరి ముందూ మాటిచ్చేశాను" అంది.

"వద్దని చెప్పెయ్యండి" అన్నాను.

"ఎలా చెబుతానండీ! మా రేవులో పాటంతా నోటిమాట మీదే కదా. కాగితం లేదు, సంతకం లేదు. ఒక్కసారి మాట తప్పిన మనిషికి మర్నాడు ఎవరూ గంప ఇవ్వరండి. బండి పోతే నేను పోతాను. మాట పోతే మేం అయిదుగురమూ పోతాం."

ఆవిడ వెళ్ళాక నాకు నిజంగానే కోపం వచ్చింది. "ఇదంతా నీ మొండితనం వల్లేనన్నయ్యా. బండి ముందే ఇచ్చి ఉంటే ఆవిడ ఈ మాట ఇచ్చేది కాదు" అన్నాను.

అన్నయ్య రుమాలు మడిచి జేబులో పెట్టుకుని బండి కిందకి దూరాడు. నేను టీ సగంలో వదిలేసి వచ్చేశాను. రెండు రోజులు షెడ్డు మొహం చూడలేదు.

శనివారం మనసు ఒప్పక వెళ్ళాను. దొరబాబు అప్పటికే వచ్చి ఉన్నాడు. తెల్ల చొక్కా, చేతిలో రెండు ఫోన్లు, వెంట ఒక డ్రైవరు. అప్పాయమ్మగారు, గంగయ్య, ఆ నలుగురు ఆడవాళ్ళూ గోడ వారగా నిలబడ్డారు. అప్పాయమ్మగారి కళ్ళు ఎర్రగా ఉన్నాయి, కానీ గడ్డం మాత్రం పైకెత్తే ఉంచింది.

"తాళం ఇలా ఇవ్వండి మేస్త్రీగారూ. మా డ్రైవరు నడుపుకెళతాడు."

"ఇవ్వను."

"బండి నేను కొన్నానండీ!"

"ఎవరు కొన్నా ఇవ్వను. మడ్డి ఉండగా నా షెడ్డులోంచి ఏ బండీ నడవదు. ముప్పై ఏళ్ళలో ఎస్సైగారికివ్వలేదు, పాస్టరుగారికివ్వలేదు. మీకిస్తానా? కావాలంటే ట్రాలీ తెచ్చుకుని ఎక్కించుకుపొండి. తుక్కుకే కదా."

"తుక్కుకే అనుకోండి... ఇంజను మరీ అంత పాడైపోయిందేంటి?"

అన్నయ్య మాట్లాడకుండా ప్యాంటు ఎడమ జేబులోంచి రుమాలు తీసి విప్పాడు. నేను చాలా రుమాళ్ళు చూశాను కానీ అలాంటిది చూడలేదు. తారులాంటి మడ్డి ముద్దలు ముద్దలుగా అతుక్కుని ఉంది, మధ్యలో జల్లెడ ముద్ర కూడా పడి ఉంది. దొరబాబు దాన్ని చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు. పక్కకెళ్ళి ఎవరికో ఫోన్ చేశాడు. "నడవదంటండి... లేదండి, ఇంజను మొత్తం పోయింది... మీ వాళ్ళకి వేరే బండి చూస్తాను" అన్న మాటలు నాకు స్పష్టంగా వినబడ్డాయి.

తిరిగొచ్చి గొంతు సవరించుకున్నాడు. "నాకొద్దండి ఈ బండి."

"గట్టిగా చెప్పండి" అన్నాడు అన్నయ్య. "వీళ్ళందరూ రేవు మనుషులు. రేపు అప్పాయమ్మగారు మాట తప్పిందనకూడదు."

"ఆవిడ మాట తప్పలేదండీ! నేనే వద్దనుకుంటున్నాను!" అని అరిచి, డ్రైవరుని లాక్కుని వెళ్ళిపోయాడు దొరబాబు.

అప్పాయమ్మగారు కిందకి కూలబడింది. "తుక్కుకి కూడా పనికిరాలేదా మేస్త్రీగారూ నా బండి?"

అన్నయ్య కుడి జేబులోంచి ఇంకో రుమాలు తీశాడు. ప్రిస్కిల్లా వదిన ఇస్త్రీ మడత ఇంకా చెదరలేదు. గేజు లాగి, తుడిచి, ఎండలోకెళ్ళి పైకెత్తాడు. ఆయిలు పల్చగా జారుగా పాకింది. గడ్డ అన్నది లేదు. తరువాత బండెక్కి తాళం తిప్పాడు. ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. గోడ వారనున్న ఆడవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని నవ్వడం మొదలెట్టారు. మీటరు ముల్లు నిటారుగా లేచిందని గంగయ్య తలుపు పట్టుకుని కేకలు పెట్టాడు.

"ఎప్పుడు రెడీ అయిందన్నయ్యా?" అన్నాను.

"గురువారం."

రెడీ అయిన బండి ఇవ్వకపోవడం ఆ షెడ్డు చరిత్రలో అదే మొదటిసారి. "మరి ఆవిడకైనా చెప్పొచ్చు కదా. రెండు రోజులు ఏడిపించావు."

"చెబితే ఆవిడే వెళ్ళి దొరబాబుకి చెప్పేస్తుంది. నిజాయితీ మనిషి. వాడు సంబరంగా వచ్చి తోలుకుపోతాడు."

"సంఘపెద్దవి, అబద్ధమాడావా?"

"బండిలో మడ్డుందని నేనన్నానా? రుమాలు చూపించాను. అది ఈ బండిదే, ఛాంబరు విప్పిన రోజుది. ఏ రోజుదని ఆయన అడగలేదు." ఇంజను ఆపి కిందకి దిగాడు. "అయినా శ్యాంబాబూ, తుక్కుకి కొనేవాడికి ఇంజనులో మడ్డుంటే ఏంటి, లేకపోతే ఏంటి? ఇనుము ఇనుమే కదా. మడ్డి చూసి పారిపోయాడంటే, నడిచే బండిని తుక్కు పేరుతో కొట్టేద్దామనేగా!"

ముప్పై ఏళ్ళుగా ఊరంతా ఆడిపోసుకున్న ఆ "ఇవ్వను" మీద నాకు అంత ప్రేమ పుట్టుకొస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. అప్పాయమ్మగారు కళ్ళు తుడుచుకుని చెయ్యి చాపింది. "ఇక తాళం ఇవ్వండి మేస్త్రీగారూ."

"ఇవ్వను."

"ఇంకా ఏంటండీ!"

"ముందు గంగయ్య మాటివ్వాలి. మీ రేవు మాట."

గంగయ్య అందరి ముందూ చేతులు కట్టుకుని చెప్పాడు. "పులుసు మర్నాడు తింటానండి. ఆయిలు మాత్రం మేస్త్రీగారు చెప్పిన రోజున మారుస్తానండి, ఆయ్." అప్పుడు తాళం చేతులు మారింది.

మర్నాడు ఆదివారం ఆరాధన అయ్యాక షెడ్డు వైపు వెళ్ళాను. అప్పాయమ్మగారు పంపిన నాలుగు గిన్నెల క్యారేజీ బల్ల మీద ఉంది. చేపల పులుసు వాసనకి కడుపులో పేగులు అరుస్తున్నాయి. మూత తీయబోతుంటే ఐజాక్ అన్నయ్య దాని మీద చెయ్యి పెట్టేశాడు.

"ఇవ్వను" అన్నాడు. "రేపు రా. ఈ ఒక్క విషయంలో గంగయ్య చెప్పిందే నిజం."

తిట్టుకుంటూ వెళ్ళి, సోమవారం సాయంత్రం మళ్ళీ వచ్చాను. నా వాటా నాలుగు ముక్కలూ కదపకుండా అలాగే ఉన్నాయి, గిన్నె మీద తెల్ల రుమాలు కప్పి ఉంది.