సోమవారం చూద్దాం

మా లేబు పెద్దాయన ఏ మాటకీ అదే రోజు జవాబు చెప్పరు. "సోమవారం చూద్దాం" అంటారు. సోమవారం అడిగినా అదే మాట. అంటే వచ్చే సోమవారమని అర్థం. అందుకే మేమంతా ఆయనకి సోమవారం మాస్టారని పేరు పెట్టుకున్నాం.

ఇంట్లోనూ అదే వరస. కుళాయి కారుతోందని భార్య గురువారం చెబితే కింద బకెట్టు పెట్టి ఊరుకున్నారట. "నేను నచ్చానో లేదో చెప్పడానికే వారం పట్టింది బాబూ, కుళాయి ఎంత!" అందావిడ.

మా పని ఈస్టుతో, అదే రొట్టెల పిండి పొంగించే సూక్ష్మజీవితో. ఈస్టు తన జన్యువుల్లో కొన్నిటిని గట్టిగా ఉండచుట్టి నోరు మూయిస్తుంది. అదెలాగో కనిపెట్టడానికి ఆ చుట్టలో మేమొక జన్యువును ఇరికిస్తాం. దాని నోరు మూతపడితే ప్లేటు మీద ఈస్టు చుక్కలు ఎర్రబడతాయి. లేకపోతే తెల్లగానే ఉండిపోతాయి.

మా రీసెర్చ్ అమ్మాయి, చుట్ట వదులైపోయిన ఈస్టులో దాన్ని మళ్లీ బిగించాలని నాలుగేళ్లుగా తంటాలు పడుతోంది. ఓ శుక్రవారం పొద్దున ప్లేట్లు బయటికి తీసింది. ఇరవైకి ఇరవై తెలుపే. కళ్లు తుడుచుకుని, మాస్టారి బల్ల మీద ఓ కవరు పెట్టింది.

"ఏంటమ్మా ఇది?"

"మానేస్తున్నా సార్. నా వల్ల కాదు. చదవండి."

"సోమవారం చూద్దాం."

"దీనికీ సోమవారమేనా సార్!"

"దీనికి మరీను. ప్లేట్లు ఫ్రిజ్‌లో పెట్టేసి ఇంటికెళ్లు. కడుపునిండా తిని పడుకో."

నాకు ఒళ్లు మండింది. పిల్ల నాలుగేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరవుతుంటే ఈయనకి వారాల గొడవేమిటి?

సోమవారం అమ్మాయి ఫ్రిజ్ తెరిచి కేక పెట్టింది. పరిగెత్తుకెళ్లాం. అన్ని ప్లేట్లలోనూ ఎరుపే! ఆ రంగు తేలాలంటే ప్లేట్లు కొన్నాళ్లు చల్లగా ఉండాలి. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు, తను ఏడుపులో, నేను కోపంలో మర్చిపోయాం.

"ఆ మాట అప్పుడే చెప్పొచ్చుగా సార్?" అన్నాను.

"చెబితే ఇంటికెళ్లేదా? మూడు రోజులూ ఫ్రిజ్ ముందే కూర్చునేది. ఎరుపు రాకపోయినా, నిద్రపోయి వచ్చిన మనిషి ఇంకో ఇరవై ప్లేట్లు వేసుకుంటుంది."

అమ్మాయి సిగ్గుపడుతూ కవరు అడిగింది. మాస్టారు సొరుగు లాగారు. కవరు అంటించింది అంటించినట్టే ఉంది. దాని కింద ఇంకో పది పన్నెండు కవర్లు, ఒక్కటీ చింపలేదు. అన్నిటికీ అడుగున, రంగు మారిన కవరు మీద నా చేతిరాత.

తొమ్మిదేళ్ల కిందట నేనూ మానేస్తానని రాసిచ్చాను. ఎవరూ ఏమీ అనకపోయేసరికి మళ్లీ పనిలో పడ్డాను. పెద్దాయనకి మతిమరుపని ఇన్నేళ్లూ చాటుగా నవ్వుకున్నాను కూడా.

అమ్మాయి కంట పడకుండా ఆ సొరుగు నేనే మూసేశాను.